బోటులో పెట్రోలు వాసన: ఎప్పుడొస్తుందో గమనిస్తే ఎక్కణ్ణుంచో తెలుస్తుంది

ప్రశ్న: మేం అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఉంటాం. పోయిన ఏడాది చివర్లో ఒక పాత బోటు కొన్నాం. 1999 మోడల్, 20 అడుగులు, లోపల వి6 ఇంజిన్, కార్బ్యురేటర్ రకం, నేల కింద 40 గ్యాలన్ల ట్యాంకు. ఏప్రిల్ నుంచి లేక్ లేనియర్‌లో తిప్పుతున్నాం, బాగానే నడుస్తోంది. కానీ పొద్దున్నే ఇంజిన్ మూత ఎత్తితే పెట్రోలు వాసన. ట్యాంకు నింపిన రోజూ మర్నాడూ ఇంకా ఎక్కువ. బోటుని ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో వాటర్ హీటర్ పక్కన పెడతాం. ఒక్కోసారి వాసన వంటింట్లోకి కూడా వస్తోందని మా ఆవిడ గొడవ, పిల్లల్ని బోటెక్కించనంటోంది. ఒక మెకానిక్‌కి చూపిస్తే "పాత బోట్లన్నీ ఇంతే, బ్లోయర్ కాసేపు ఎక్కువ వేసుకోండి" అన్నాడు (బ్లోయర్ అంటే ఇంజిన్ గదిలోని గాలిని బయటికి లాగే ఫ్యాన్). ఎక్కడా తడి కనపడలేదు. జూలై నాలుగు పండగకి రెండు కుటుంబాల్ని పిలిచాం. బ్లోయర్ అరగంట వేస్తే సరిపోతుందా? నేనే వెతికి బాగుచేసుకోగలనా?

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది వాటర్ హీటర్ అన్న మాట. కాబట్టి మిగతా సమాధానం తర్వాత చదవండి, ముందు బోటుని గరాజ్‌లోంచి బయటికి తీయండి. ఈ రోజే. గరాజ్ తలుపు చేత్తో ఎత్తండి, మోటారు స్విచ్ నొక్కొద్దు. ఇంట్లోకి వెళ్లే తలుపు మూసే ఉంచి, కాసేపు గాలి ఆడనిచ్చాకే కారు దగ్గరికి తెచ్చి ట్రెయిలర్ తగిలించండి. ఇంజిన్ మూత మాత్రం లోపల ఉండగా తెరవకండి. బ్యాటరీ చార్జర్ పెట్టి ఉంటే దాన్ని బోటు దగ్గర పీకకుండా, గరాజ్ బయట ఉండే ఫ్యూజు పెట్టెలో ఆ లైన్ ఆపేయండి. ఆ పెట్టె కూడా గరాజ్‌లోనే ఉంటే దేన్నీ ముట్టుకోకుండా తలుపు తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వండి. అప్పటికీ వాసన గట్టిగా ఉంటే అగ్నిమాపక శాఖవాళ్లకి ఫోన్ చేయండి. ఇలాంటి పనికి వాళ్లని పిలవడం అతి అనుకోవద్దు.

ఎందుకింత కంగారంటే, పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచిపోదు, నేల పట్టుకుని పాకుతుంది. మీ వాటర్ హీటర్ గ్యాస్‌దైతే దాని మంట అడుగునే ఉంటుంది. అమెరికాలో గరాజ్‌లో పెట్టే హీటర్ల మంటని నేలనుంచి 18 అంగుళాల ఎత్తున ఉంచాలన్న నియమం వచ్చింది సరిగ్గా ఇందుకే, నేలబారు ఆవిరి అంటుకోకుండా. పాత ఇళ్లలో అదీ పాటించి ఉండకపోవచ్చు. రోజూ ఆవిరి వదిలే 40 గ్యాలన్ల ట్యాంకు పక్కన ఉంటే ఆ 18 అంగుళాలు ఏం కాపాడతాయి?

మీ ఆవిడ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇందులో ఇంకో విషయం కూడా ఉంది. రోజూ బోటు చుట్టూ తిరిగే మనిషి ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది, పది నిమిషాలు అక్కడే ఉంటే అసలు వాసనే లేదనిపిస్తుంది. దూరంగా ఉన్నవాళ్ల ముక్కే సరైన సాక్ష్యం. ఇకనుంచి ప్రతి పరీక్షలోనూ చివరి మాట ఆవిడదే అనుకోండి.

ఇక ఆ మెకానిక్ మాట. పాత బోట్లన్నీ వాసన వస్తాయన్నది తప్పు. సరిగ్గా ఉంచిన పాతికేళ్ల బోటు ఇంజిన్ మూత ఎత్తితే ఆయిల్ వాసన, తడి వాసన, వేడెక్కిన రబ్బరు వాసన వస్తాయి. పెట్రోలు వాసన రాకూడదు. వస్తోందంటే పెట్రోలు ఉండాల్సిన చోటునుంచి బయటికి వస్తోందనే అర్థం, ద్రవంగానో ఆవిరిగానో. రెండిట్లో ఏదైనా కారణం ఉండి తీరుతుంది, ఆ కారణం దొరుకుతుంది కూడా.

కారులో గొట్టం చెమరిస్తే చుక్క రోడ్డు మీద పడి గాలికి ఎగిరిపోతుంది. బోటు అడుగు గిన్నె లాంటిది. కారినదంతా అడుగున, బిల్జ్ అనే గుంటలో చేరుతుంది, దాని ఆవిరి కూడా అక్కడే కూర్చుంటుంది. పెట్రోలు సున్నాకి 43 డిగ్రీల సెల్సియస్ కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, అంటే జార్జియాలో అది అంటుకోని రోజంటూ లేదు. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మీ ఇంజిన్ గది ఒక ఘనమీటరు ఉందనుకుంటే, టీ గ్లాసుకి మించని పెట్రోలు అందులో ఆవిరైతే ఆ 1.4 శాతం దాటేస్తుంది. అది ఒక రాత్రిలో సన్నగా చెమర్చే గొట్టం ఇచ్చేంత. మన వైపు పెద్దవాళ్లకి ఈ భయం తెలియకపోవడానికి కారణం ఉంది, గోదావరి లాంచీలూ కాకినాడ మరపడవలూ డీజిల్‌వి, డీజిల్ మామూలు ఎండకి ఇలా అంటుకునే ఆవిరి వదలదు. అక్కడి ధైర్యం ఇక్కడి పెట్రోలు బోటుకి పనికిరాదు.

బ్లోయర్ అరగంట వేస్తే చాలా అని అడిగారు. చాలదు. మీ ఇగ్నిషన్ స్విచ్ దగ్గర ఒక హెచ్చరిక ఉండాలి, ఇంజిన్ వేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ వేసి, ఇంజిన్ గది అడుగున పెట్రోలు ఆవిరి ఉందేమో చూసుకోమని. 1980 జూలై 31 తర్వాత తయారైన, లోపల పెట్రోలు ఇంజిన్ ఉన్న బోట్లకి అమెరికా కోస్ట్ గార్డ్ పెట్టిన నిబంధన అది. అందులో రెండో సగాన్ని అందరూ మర్చిపోతారు. నాలుగు నిమిషాల తర్వాత మూత ఎత్తి వాసన చూడాలి, ఇంకా ఉంటే ఇంజిన్ వేయకూడదు. బ్లోయర్ అంతకుముందు చేరిన ఆవిరిని తీసేస్తుంది, కారేదాన్ని ఆపదు. ద్రవ పెట్రోలు అడుగున ఉంటే మీరు గంటసేపు లాగినా అది ఆవిరవుతూనే ఉంటుంది, బ్లోయర్ ఆపిన కాసేపట్లో గది మళ్లీ నిండుతుంది. ఇంకో మాట, బ్లోయర్ గొట్టం కింది చివర ఎక్కడుందో చూడండి. అది ఇంజిన్ గది ఎత్తులో కింది మూడో వంతులో, అడుగున మామూలుగా నిలిచే నీటికి పైన ఉండాలి. పాత బోట్లలో ఆ ముడతల గొట్టం చిరిగిపోయో, ఊడి పైన వేలాడుతూనో ఉంటుంది. అప్పుడు బ్లోయర్ చప్పుడు వినిపిస్తుంది, పై గాలి మాత్రమే లాగుతుంది, అడుగున ఆవిరి కదలదు.

బోటు బయటికి వచ్చాక, ఇంటికీ పక్కింటికీ దూరంగా పెట్టి, మూతలన్నీ తెరిచి చాలాసేపు వదిలేయండి. అడుగున ద్రవ పెట్రోలు కనపడితే మీరేం చేయొద్దు, ఏ స్విచ్చూ వేయొద్దు, బ్లోయరూ వద్దు, బిల్జ్ పంపూ వద్దు, నిపుణుడిని పిలవండి. కనపడకపోతే, గాలి బాగా ఆడి వాసన పోయాక బ్యాటరీ తీగలు విప్పండి, నెగెటివ్ ముందు. అక్కణ్ణుంచి వెతికినంతసేపూ కరెంటు లేని బోటు మీద పనిచేయాలి. టార్చ్ దూరంగా ఉండగానే వెలిగించుకుని దగ్గరికి రండి. వైరుతో వేలాడే బల్బు వద్దు. ఇంట్లో వాడే వాక్యూమ్‌తో అడుగు నీళ్లు లాగడం అస్సలు వద్దు, దాని మోటారులో నిప్పురవ్వలు వస్తాయి, ఆవిరిని తిన్నగా వాటి మీదికే పంపినట్టవుతుంది.

తర్వాత పని అడుగు శుభ్రం చేయడం. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా గొట్టాల మీద పడతారు, అందుకే వారాల తరబడి దొరకదు. ఎప్పుడో ఒలికిన పెట్రోలు నీళ్ల మీద పొరలా, కార్పెట్ కింద, అడుగు ఫోములో నానిపోయి ఉంటే పాత వాసన ఏదో కొత్త వాసన ఏదో తేల్చుకోలేరు. అడుగు బిరడా తీసి నీళ్లని తొట్టిలో పట్టండి. వీధి కాలవలోకీ, పెరట్లోకీ, చెరువులోకీ వదలొద్దు, అది నేరం కూడా. నూనెని మాత్రమే పీల్చి నీటిని వదిలేసే తెల్ల ప్యాడ్‌లు బోటు సామాన్ల దుకాణంలో దొరుకుతాయి, వాటితో అద్ది, సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టండి. వాడిన ప్యాడ్‌లూ ఆ నీళ్లూ మీ కౌంటీ ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వాలి. సీట్ల కింద అరల్లో పాత పెట్రోలు డబ్బా ఏదైనా మర్చిపోయి ఉందేమో కూడా చూడండి, దొంగ దొరికేది కొన్నిసార్లు అక్కడే.

ఇప్పుడు అసలు విషయం. వాసన ఎప్పుడు వస్తుందన్నదే ఎక్కణ్ణుంచి వస్తుందో చెబుతుంది. మీరు రాసిన నాలుగు వాక్యాల్లో సగం జవాబు ఉంది.

ట్యాంకు నింపాక ఎక్కువవుతోందన్నారు. ట్యాంకు సగం ఉన్నప్పుడు పెట్రోలు తగలని భాగాలు నిండితే తగులుతాయి, అంటే ట్యాంకు పైభాగం, నింపే గొట్టం, గాలి గొట్టం. మొదటి అనుమానితుడు ట్యాంకు మీద ఉండే పెట్రోలు మట్టం చూపే సెండర్. నేలలో గుండ్రటి మూత ఒకటి ఉంటుంది, దాని కింద ఐదు స్క్రూలతో బిగించిన చిన్న చక్రం, దాని కింద గ్యాస్కెట్, అంటే సందు మూసే రబ్బరు రింగు. పాతికేళ్లలో అది ఎండి పగిలిపోతుంది. ట్యాంకు నిండుగా ఉండి బోటు కాస్త ఊగినా, ట్రెయిలర్ మీద వాలినా అక్కడ చెమరుస్తుంది. తుడిస్తే పోతుంది, మళ్లీ నింపేదాకా కనపడదు. గ్యాస్కెట్ మార్చడం పెద్ద ఖర్చు కాదు, పెట్రోలుకి తట్టుకునే నైట్రైల్ రబ్బరుది కొనండి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

రెండోది నింపే గొట్టం, ఒకటిన్నర అంగుళం లావుది, పక్క గోడ లోపలినుంచి ట్యాంకుకి వస్తుంది. వంపు దగ్గర, అడుగువైపు, క్లాంపు (గొట్టాన్ని బిగించే పట్టీ) కింద చిట్లుతుంది. చేయి పెట్టి తడిమితేనే తెలుస్తుంది, కంటికి కనపడేది పైభాగమే. ఎక్కడైనా గొట్టం కిందికి వేలాడి గుంటపడితే నింపిన ప్రతిసారీ అందులో పెట్రోలు నిలిచిపోయి రబ్బరుని లోపలినుంచి తింటుంది. రెండు చివరలా రెండేసి క్లాంపులు ఉండాలి, తుప్పు పట్టినవి, కోసినట్టు రంధ్రాలున్నవి తీసేసి రంధ్రాలు లేని స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి. అక్కడే పైన మూత దగ్గరినుంచి ట్యాంకుకి ఒక తీగ ఉండాలి, నింపేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు దాని ద్వారా పోవాలి. తెగి ఉంటే అదీ కలపండి. పైమూతలోని రబ్బరు రింగు సంగతి చెప్పనక్కర్లేదు, రెండు డాలర్ల రింగు, మార్చేయండి.

గాలి గొట్టం సన్నగా ఉండి బోటు పక్కన బయటికి తెరుచుకుంటుంది. జార్జియాలో కందిరీగల్లాంటివి దాని నోట్లో మట్టి గూళ్లు కడతాయి. గాలి పోవడానికి దారిలేక నింపేటప్పుడు పెట్రోలు వెనక్కి ఎగజిమ్ముతుంది. బంకులో పైపు మాటిమాటికీ టక్‌మని ఆగిపోతోందా? అయితే ముందు ఇది చూడండి.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. పాత బోట్ల ట్యాంకులు ఆ గాలి గొట్టం ద్వారా రోజూ ఊపిరి తీసుకుని వదులుతాయి, పగలు వేడికి ఆవిరి బయటికి, రాత్రి చల్లబడితే గాలి లోపలికి. అంటే ఏ లోపమూ లేని పాత బోటు కూడా మూసిన గరాజ్‌ని వాసనతో నింపగలదు. మీ వంటింట్లోకి వచ్చింది కొంత అదే అయి ఉండొచ్చు. కానీ ఆ గొట్టం బయటికి తెరుచుకుంటుంది కాబట్టి ఇంజిన్ మూత కింద వాసనకి అది కారణం కాకూడదు. అందుకని బోటుని ఆరుబయట పెట్టి, ఇంజిన్ మూత రాత్రంతా మూసి ఉంచి పొద్దున్నే తెరిచి చూడండి. అక్కడ వాసన ఉంటే లోపల లీకు ఉన్నట్టే. లేకపోయినా సరే, లోపం లేదని తేలినా సరే, ఆ గరాజ్‌లోకి మాత్రం బోటు మళ్లీ రాకూడదు.

రోజూ పొద్దున్నే, ట్యాంకు ఎంత ఉన్నా వస్తోందన్నారు కదా, అది రెండో గుర్తు. అది చాలావరకు గొట్టాలనే చూపిస్తుంది. తడి లేదన్నారు, ఉండదు కూడా. పాత రబ్బరు గొట్టం ఎక్కడా చిల్లు పడకుండానే ఒళ్లంతా ఆవిరిని వదులుతుంది. అమెరికాలో బోటు గొట్టాలకి దీని కొలత ఉంది, ఎ1 రకం చదరపు మీటరుకి రోజుకి 100 గ్రాములకి మించి వదలకూడదు, ఎ2 అయితే 300 గ్రాములు, ఇప్పటి ఎ1-15 రకం 15 గ్రాములే. అవి కొత్త గొట్టాల లెక్కలు. 1999లో వేసిన గొట్టం, ఇన్నేళ్లు పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో నానాక ఎంత వదులుతుందో ఊహించుకోండి. గొట్టం మీద రకమూ తయారైన ఏడూ అచ్చువేసి ఉంటాయి, టార్చ్ వేసి చదవండి. అసలు గొట్టాలే ఇంకా ఉన్నాయని తేలితే నేనైతే లీకు వెతకడం ఆపేసి ముందు అన్నీ మార్చేస్తాను, నింపేది, గాలిది, ట్యాంకునుంచి ఇంజిన్‌కి వెళ్లేది, అన్నీ ఒకేసారి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే పాతది రేపు మొదలుపెడుతుంది.

కొనేటప్పుడు గొట్టం మీద కోస్ట్ గార్డ్ ఎ1-15 అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి. కార్ల దుకాణంలో అడుగు లెక్కన అమ్మే గొట్టం చవక, చూడ్డానికీ అలాగే ఉంటుంది, కానీ ఎ రకం గొట్టం మంటలో రెండున్నర నిమిషాలు తట్టుకునేలా పరీక్షించినది. బోటు అంటుకుంటే ఆ రెండున్నర నిమిషాల్లోనే పిల్లలకి లైఫ్ జాకెట్లు వేసి నీళ్లలోకి దింపాలి.

మార్చేముందు ఏది వదులుతోందో తెలుసుకోవాలంటే చవకైన పద్ధతి ఉంది. ఉతికిన పాత నూలుగుడ్డ ముక్కలు తీసుకోండి. ఒక్కో గొట్టాన్నీ ఒక్కో జాయింటునీ ఒక్కో ముక్కతో చుట్టి కాసేపు ఉంచి, విడివిడిగా జిప్ సంచుల్లో వేసి, ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. బోటుకి దూరంగా వెళ్లి, ముక్కుకి కాస్త విశ్రాంతి ఇచ్చి, ఒక్కొక్కటే తెరిచి వాసన చూడండి. మీకంటే మీ ఆవిడ గారు చూస్తే ఇంకా మంచిది, ఏ సంచి ఎక్కడిదో చెప్పకుండా ఇవ్వండి. బోటులో నిలబడి ముక్కు పెట్టి వెతికితే అంతా వాసనే, ఇలా అయితే దోషి విడిగా నిలబడుతుంది.

మూడో గుర్తు మీరు రాయలేదు, కానీ గమనించండి: ఇంజిన్ నడిపి ఆపాక వాసన ఎక్కువవుతుందా? అయితే ఇంజిన్ దగ్గరే చూడాలి. ఆపిన కాసేపు కార్బ్యురేటర్ వేడికి కొద్దిగా వాసన రావచ్చు, మర్నాటిదాకా ఉంటే అది లోపం. కార్బ్యురేటర్ ఒంటి మీద, దాని కింద, ఫిల్టర్ చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరకలు వెతకండి. పెట్రోలు సన్నగా కారి ఎగిరిపోతూ వదిలే జిగురు అది. తడి లేకపోయినా మరక అబద్ధం చెప్పదు. లోపలికి వచ్చే పెట్రోలుని ఆపే ఫ్లోట్ సూది సరిగా మూసుకోకపోతే కార్బ్యురేటర్ పొంగుతుంది. మీ ఇంజిన్‌కి యాంత్రిక పంపు ఉంటే దాన్నుంచి కార్బ్యురేటర్‌కి ఒక పారదర్శకమైన సన్నటి గొట్టం ఉంటుంది. అందులో పెట్రోలు కనపడితే పంపు లోపలి పొర చిరిగింది, ఇంక నడపకూడదు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు కంపు కొడితే అది ఇంజిన్‌లోకే కారుతోంది. నీటిని వేరుచేసే ఫిల్టర్ ఈమధ్య ఎవరైనా మార్చి ఉంటే దాని రబ్బరు రింగు రెండుగా ఉందేమో, పాతది అంటుకుని ఉండగా కొత్తది బిగించారేమో చూడండి.

ఇదే అదనుగా ఒకటి తప్పకుండా చూడాలి. మీకంటే ముందు ఎవరైనా డబ్బు మిగులుతుందని కారు విడిభాగాలు వేశారా? బోటు స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరికి అంటకుండా తయారుచేస్తారు, ఆ గుర్తు వాటి మీద రాసి ఉంటుంది. కారువి బయటికి అచ్చం అలాగే ఉంటాయి, ధర తక్కువ, ఆ రక్షణ లేదు. పెట్రోలు వాసన ఉన్న బోటులో కారు స్టార్టరు ఉండటం కంటే ప్రమాదకరమైన కూర్పు నాకు తెలియదు. కార్బ్యురేటర్ పైన మంటని ఆపే జాలీ లోహపు మూత కూడా ఉండాలి, శుభ్రంగా, గట్టిగా బిగించి.

చివరి అనుమానం ట్యాంకు. గొట్టాలూ గ్యాస్కెట్టూ మార్చి, ఇంజిన్ శుభ్రంగా ఉండి, ట్యాంకులో పావు వంతు ఉన్నా వాసన వస్తుంటే అడుగున చిల్లు పడి ఉండొచ్చు. నేల కింది అల్యూమినియం ట్యాంకు చుట్టూ ఉండే ఫోము తడిసి ఏళ్లతరబడి ఆరకపోతే లోహాన్ని తినేసి సూదిబెజ్జాలు వేస్తుంది. ఇది మీరు తేల్చుకోవాల్సిన పని కాదు. నిపుణుడు అన్ని దారులూ మూసి, 3 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి 3 పౌండ్ల ఒత్తిడికి) మించని గాలి ఎక్కించి, ఒత్తిడి మీటరు ముల్లు పడిపోతుందేమో చూస్తాడు. ఇంట్లో ఉన్న కంప్రెసర్‌తో ప్రయత్నిస్తే ఆ ట్యాంకు ఉబ్బి చీలుతుంది. చిల్లు ఉందని తేలితే ఏదో జిగురు పూయించుకోవద్దు, నేల కోసి ట్యాంకు మార్చడమే. ఆ ఖర్చు ఈ బోటు విలువకి దగ్గరగా రావచ్చు, అప్పుడు బోటుని వదులుకోవడం కూడా సరైన నిర్ణయమే.

మీరే చేసుకోగలరా అంటే, శుభ్రం చేయడం, గుడ్డముక్కల పరీక్ష, మూత రింగు, క్లాంపులు, గొట్టాల మీద రాత చదవడం మీరే చేయండి. చేతిపని బాగా వచ్చినవారైతే గ్యాస్కెట్ కూడా, ట్యాంకు సగానికి తక్కువ ఉన్నప్పుడు, బ్యాటరీ విప్పి, ఆరుబయట. గొట్టాలు మార్చడం మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన చేయండి. కార్బ్యురేటర్, పంపు, ట్యాంకు మెకానిక్‌కే, అయితే ఆ మొదటాయనకి కాదు. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్, అంటే ఏబీవైసీ ధ్రువపత్రం ఉన్నవాళ్లని వెతకండి. వెళ్లినప్పుడు "వాసన వస్తోంది" అని ఆపేయకండి. ఎప్పుడు, ట్యాంకు ఎంత ఉన్నప్పుడు, నడిపాకా నడపకముందా, ఏ సంచిలో గుడ్డ కంపు కొట్టింది, ఇవన్నీ రాసుకుని ఇవ్వండి. సగం గంటల కూలీ మీకు మిగులుతుంది. కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ వలంటీర్లు ఉచితంగా బోటు భద్రత తనిఖీ చేస్తారు, లీకు వెతికి పెట్టరు గానీ గాలి ఏర్పాట్లూ మంట ఆపే మూతా అగ్నిమాపక సిలిండరూ చూసి చెబుతారు. సిలిండర్ గురించి అంటే గుర్తొచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం మళ్లీ నింపలేని రకం సిలిండర్ తయారై 12 ఏళ్లు దాటితే తీసేయాల్సిందే. మీ బోటుతోపాటు వచ్చినది అయితే దాదాపు కచ్చితంగా దాటే ఉంటుంది.

బాగయ్యాక ఇంజిన్ గది అడుగున, నీళ్లు తగలనంత ఎత్తులో, పెట్రోలు ఆవిరి పసిగట్టే అలారం ఒకటి పెట్టించండి. ఇంజిన్ పొగలో ఉండే విషవాయువుని పట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది దీన్ని పట్టదు, ఇది దాన్ని పట్టదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు కాబట్టి పిల్లల్ని ఇంజిన్ నడుస్తుండగా వెనక మెట్టు మీద కూర్చోనివ్వకండి.

నింపే పద్ధతి కూడా మార్చాలి. నిండుగా, మూతి దాకా నింపకండి. భూమి లోపలి ట్యాంకునుంచి వచ్చే చల్లటి పెట్రోలు జార్జియా ఎండలో 15 డిగ్రీలు వేడెక్కితే మీ 40 గ్యాలన్లు అర గ్యాలనుకి పైగా వ్యాకోచిస్తాయి, ఆ అర గ్యాలను ఎక్కడికి పోతుంది? పదో వంతు ఖాళీ ఉంచండి. నింపేటప్పుడు అందరూ దిగిపోవాలి, నిద్రపోతున్న చిన్నపిల్లలతో సహా. పైపు మూతి లోహానికి తగిలి ఉండాలి. విడి డబ్బాలుంటే బోటులో కాకుండా నేల మీద పెట్టి నింపాలి. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే పోయండి, 15 శాతం ఇథనాల్ ఉన్నది బోటులో పోయడానికే వీల్లేదు. నింపాక ఇంజిన్ మూత ఎత్తి, బ్లోయర్ నాలుగు నిమిషాలు వేసి, ముక్కుతో చూసి, ఇంజిన్ వేసి, అప్పుడు ఎక్కించండి అందరినీ.

జూలై నాలుగు మాటకొస్తే, ఆ తేదీని ఈ పనికి గడువుగా పెట్టుకోవద్దు. పిలిచినవాళ్లకి చెప్పి ఆ రోజుకి లేనియర్‌లో పాంటూన్, అంటే బల్లపరుపు బోటు, ఒకటి అద్దెకి తీసుకోండి, ఇప్పుడే, పండగ దగ్గరపడితే దొరకవు. మీ బోటుకి పరీక్ష ఇది: మరమ్మతు అయ్యాక ట్యాంకులో పావు వంతు ఉంచి, ఆరుబయట, ఇంజిన్ మూత మూసి రెండు రాత్రులు వదిలేయండి. రెండు పొద్దుళ్లూ మూత ఎత్తి మీ ఆవిడ గారు వాసన చూడాలి. ఏమీ లేదంటే ముప్పావు వంతు నింపి మళ్లీ రెండు రాత్రులు. తర్వాత పిల్లలు లేకుండా ఒక గంట నీళ్లలో నడిపి, తీసుకొచ్చి, మర్నాడు పొద్దున ఇంకోసారి. అన్నిసార్లూ ఆవిడ లేదంటేనే పిల్లల్ని ఎక్కించండి. ఒక్కసారి ఉందన్నా మళ్లీ గుడ్డముక్కల దగ్గరినుంచి మొదలుపెట్టండి, ఈసారి ఏ సంచి కంపు కొట్టిందో నాకూ రాయండి.